ఒక్క సంఖ్య ఎప్పుడు చాలు, కోటి సంఖ్యలు ఎప్పుడు చాలవు

1970లలో లండన్‌లోని చెల్సీ కాలేజీ కేంద్రంగా బడిపిల్లల గణిత అవగాహన మీద ఒక పెద్ద అధ్యయనం జరిగింది. అందులో బీజగణితం సంగతి చూసిన డీట్‌మర్ క్యూషెమన్ పిల్లల ముందు పెట్టిన ప్రశ్నల్లో ఒకటి చాలా చిన్నది: 2న, న + 2, ఈ రెండిట్లో ఏది పెద్దది? ఎక్కువమంది 2న అనేశారు. గుణిస్తే కూడినదానికంటే ఎక్కువ వస్తుందని వాళ్ల నమ్మకం. న స్థానంలో 1 వేస్తే 2, 3 వస్తాయి, అంటే కూడికే పెద్దది. 2 వేస్తే రెండూ 4. 3 వేస్తే 6, 5. అప్పుడు గానీ గుణకారం ముందుకు రాదు. మూడు సంఖ్యలు వేసి చూస్తే తేలిపోయే విషయం ఇది. ఆ మూడూ వేసి చూడాలని తోచకపోవడమే అసలు ఇబ్బంది.

అసమీకరణాలను సంఖ్యలు వేసి పరీక్షించడం గురించి మన తరగతి గదుల్లో రెండు మాటలు వినిపిస్తాయి. 'నాలుగు సంఖ్యలు వేసి చూస్తే నిరూపణ అయిపోదు' అని మాస్టారు అంటారు. 'ఆప్షన్లు ఉన్నాయి కదా, సంఖ్యలు వేసి కొట్టేయండి' అని కోచింగ్ సెంటర్ అంటుంది. రెండూ సగం సగం నిజాలు. సంఖ్యలు వేసి చూడటం కొన్నిచోట్ల పూర్తి నిరూపణే అవుతుంది, కొన్నిచోట్ల అనంతంగా వేసినా ఏమీ తేలదు. ఆ తేడా సంఖ్యలు ఎన్ని అన్నదాంట్లో లేదు. ఏ రకం సంఖ్యలు వేశాం, ఎందుకు వాటినే ఎంచుకున్నాం అన్నదాంట్లో ఉంది. 

రాత గురించి ఒక్కమాట. భాస్కరాచార్యుల కాలపు గణితజ్ఞులు తెలియని రాశులను యావత్తావత్తు, కాలకం, నీలకం అని పిలిచి, వాటి మొదటి అక్షరాలతో లెక్క నడిపేవారు. ఇక్కడా తెలియని రాశులు య, క, న.

ముందుగా సంఖ్యల రకాలు. ఒక్కో రకం ఒక్కో తప్పును పట్టుకుంటుంది. రుణ సంఖ్య పట్టేది గుణకారంలో జరిగే తప్పు. 3 > 2 అన్నది నిజం. రెండు వైపులా −1తో గుణిస్తే −3 < −2 అవుతుంది, గుర్తు తిరగబడుతుంది. 1/య < 1 ఇచ్చి సాధించమంటే చాలామంది యతో గుణించి, య > 1 అని రాసి కలం మూసేస్తారు. −2 వేసి చూడండి: −1/2 అన్నది 1 కంటే చిన్నదే. రుణ సంఖ్యలన్నీ జవాబులోంచి జారిపోయాయన్నమాట. క > న అయితే క² > న² అనుకునేవారికి 1, −2 చాలు. క > న అయితే 1/క < 1/న అనుకునేవారికి 2, −3 చాలు. 1/2 ఎలా చూసినా −1/3 కంటే పెద్దదే.

సున్నకూ ఒకటికీ మధ్య ఉండే భిన్నం పట్టేది వేరే నమ్మకాన్ని: వర్గం చేస్తే పెరుగుతుంది, భాగిస్తే తగ్గుతుంది అన్నదాన్ని. 1/2 వర్గం 1/4. 1/2తో భాగిస్తే రెట్టింపు. సున్న పట్టేది ఖచ్చితత్వాన్ని: క > న అయితే కయ² > నయ² అని ధైర్యంగా రాసేస్తాం, వర్గం ఎప్పుడూ రుణం కాదు కదా అని. య = 0 అయితే రెండు వైపులా సున్నే, 'కంటే పెద్ద' అన్న గుర్తు నిలవదు. 1 పట్టేది సమానత్వాన్ని. పెద్ద సంఖ్య పట్టేది దూరాన ఏ ఘాతానిది పైచేయి అవుతుందన్న విషయాన్ని: 100య > య² అన్నది 1 నుంచి 99 దాకా ప్రతి సహజ సంఖ్యకూ నిజం, 100 దగ్గర సమానం, ఆపైన తలకిందులు.

ఇలాంటి పొరపాట్లు బడిపిల్లలవే అనుకోనక్కర్లేదు. బ్రహ్మగుప్తుడు 628లోనే ధన రుణాల గుణకార నియమాలన్నీ సూత్రాలుగా చెప్పేశాడు. అయినా వెయ్యేళ్ల తర్వాత, 17వ శతాబ్దపు ఫ్రెంచి తాత్వికుడు ఆంట్వాన్ ఆర్నోకు రుణ సంఖ్యలు మింగుడుపడలేదు. 1ని −1తో భాగించినా, −1ని 1తో భాగించినా ఒకటే వస్తుందంటారు. పెద్దదానికి చిన్నదానితో ఉన్న నిష్పత్తీ, చిన్నదానికి పెద్దదానితో ఉన్న నిష్పత్తీ ఎలా సమానమవుతాయి అని ఆయన అడిగాడు. తెలివైన ప్రశ్నే. 'క పెద్దదైతే క/న అన్నది న/క కంటే పెద్దది' అన్న వాక్యం ధన సంఖ్యలకు మాత్రమే చెల్లుతుంది. ఆర్నో దాన్ని సార్వత్రిక సత్యంగా పట్టుకుని, అది చెల్లని సంఖ్యలనే అనుమానించాడు. అక్షరం కనబడగానే మనసు ముందుగా సహజ సంఖ్యనే ఊహించుకుంటుందని మన కాలంలో గ్రీసు పరిశోధకులు కాన్‌స్టాంటినోస్ క్రిస్టు, స్టెల్లా వోస్నియాదు పరిశీలించి చూపించారు. పరీక్షించే సంఖ్యలు 2, 3, 5 దగ్గరే ఆగిపోవడానికి కారణం బద్ధకం కాదు, ఆ మొదటి ఊహ.

దీనికి విరుగుడుగా పోటీ పరీక్షల పుస్తకాల్లో ఒక చిన్న జాబితా కనిపిస్తుంది: 2, 1, 1/2, 0, −1/2, −1, −2. మంచి జాబితా. య, య², య³, 1/య ఈ నాలుగింటినీ వరుసలో పెట్టమంటే దీని బలం తెలుస్తుంది. 2 దగ్గర 1/య < య < య² < య³. 1/2 దగ్గర సరిగ్గా తలకిందులు. −1/2 దగ్గర విలువలు −2, −1/2, −1/8, 1/4, అంటే 1/య < య < య³ < య². −2 దగ్గర −8, −2, −1/2, 4, అంటే య³ < య < 1/య < య². నాలుగు ప్రాంతాలు, నాలుగు వేర్వేరు వరుసలు. ఒక్క ప్రాంతాన్ని వదిలేసినా ఒక వరుస తెలియకుండా పోతుంది.

ఈ ఏడు సంఖ్యలే ఎందుకు? ఈ కారణం చెప్పకుండా జాబితాను బట్టీ వేయించడమే నన్ను బాధపెడుతుంది. య² నుంచి య తీసేస్తే య(య − 1). య³ నుంచి య తీసేస్తే య(య − 1)(య + 1). ఇవి సున్న అయ్యేది −1, 0, 1 దగ్గర మాత్రమే. ఆ మూడు చోట్లా సంఖ్యారేఖ నాలుగు ముక్కలవుతుంది. జాబితాలో మూడు సరిహద్దులు, ఒక్కో ముక్కకు ఒక్కో ప్రతినిధి. అంతే. జాబితా ఆ ప్రశ్నలోంచి పుట్టింది. ప్రశ్న మారితే జాబితా మారాలి. య² − 10య + 24 < 0 అన్న అసమీకరణాన్ని ఈ ఏడు సంఖ్యలతో పరీక్షిస్తే ఏడింటికీ అబద్ధమే అని వస్తుంది. 5 వేస్తే 25 − 50 + 24, అంటే −1, నిజం! దాని మూలాలు 4, 6. సరిహద్దులు అక్కడ ఉంటే −1, 0, 1 చుట్టూ తిరిగి ఏం లాభం?

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. కుండంతటికీ ఒకే మంట తగిలింది కాబట్టి ఆ పరీక్ష చెల్లుతుంది. బహుపదుల విషయంలో ఆ భరోసా ఇచ్చేది మధ్యస్థ విలువ సిద్ధాంతం. బోల్జానో 1817లో, కోషీ 1821లో దీనికి పద్ధతిగా నిరూపణ చెప్పడానికి పూనుకున్నారు. అవిచ్ఛిన్న ప్రమేయం ధనం నుంచి రుణానికి మారాలంటే నడుమ ఎక్కడో సున్నను తాకాలి. కాబట్టి రెండు పక్కపక్క మూలాల మధ్య బహుపది గుర్తు మారదు, అక్కడ ఒక్క సంఖ్య వేసి చూసినా ఆ ముక్క మొత్తానికీ తీర్పు చెప్పినట్టే. మన ఇంటర్ గణితంలో వర్గ సమాసాల గుర్తు గురించి చదివే పాఠానికి, కోచింగ్‌లో 'వేవీ కర్వ్' అని నేర్పే పద్ధతికి పునాది ఇదే.

(య + 1)(య − 2)²(య − 5) > 0 తీసుకోండి. సరిహద్దులు −1, 2, 5. −2 వేస్తే ధనం, 0 వేస్తే రుణం, 3 వేస్తే మళ్లీ రుణమే, 6 వేస్తే ధనం. జవాబు: −1 కంటే చిన్నవి, 5 కంటే పెద్దవి. నాలుగు సంఖ్యలు వేశాం, నిరూపణ పూర్తయింది. గుర్తులను ఒకటి విడిచి ఒకటి మార్చుకుంటూ పోయే విద్యార్థి 2 దగ్గర బోల్తా పడతాడు, అక్కడ వర్గం ఉంది కనుక గుర్తు మారదు. సంఖ్య వేసి చూసేవాడికి ఆ ప్రమాదమే లేదు. హరం ఉన్నచోట మాత్రం ఒక జాగ్రత్త కావాలి: 1/య సున్నను తాకకుండానే 0 దగ్గర గుర్తు మార్చుకుంటుంది, కాబట్టి హరం సున్న అయ్యే చోట్లు కూడా సరిహద్దులే.

వర్గమూలాల దగ్గర పరీక్ష సంఖ్య మరోలా ఆదుకుంటుంది. √(య + 2) > య అన్నదాన్ని రెండు వైపులా వర్గం చేసి సాధిస్తే −1 < య < 2 అని వస్తుంది. −3/2 వేసి చూడండి. ఎడమవైపు √(1/2), ధనం, కుడివైపు రుణం. అసమీకరణం నిజం, జవాబులో మాత్రం −3/2 లేదు. కుడివైపు రుణమైనప్పుడు వర్గం చేయడమే తప్పు. సరైన జవాబు −2 నుంచి 2 దాకా, 2 తప్ప. సాధన అయిపోయాక జవాబుకు బయట ఒక సంఖ్య, లోపల ఒక సంఖ్య వేసి చూసే అలవాటు ఇలాంటి తప్పులను చాలావరకు పట్టేస్తుంది. అర నిమిషం కూడా పట్టదు.

పరీక్షల సంగతీ చూద్దాం. అమెరికా చదువులకు తెలుగు విద్యార్థులు రాసే జీఆర్‌ఈలో రెండు రాశులిచ్చి పోల్చమనే ప్రశ్నలుంటాయి: మొదటిది పెద్దది, రెండోది పెద్దది, రెండూ సమానం, ఇచ్చిన సమాచారంతో చెప్పలేం అని నాలుగు ఆప్షన్లు. రెండు సంఖ్యలు వేస్తే రెండు రకాల ఫలితాలు వచ్చాయంటే నాలుగోదే జవాబు. అది ఊహ కాదు, నిరూపణ. య ధన సంఖ్య, య + 1/య ఒక రాశి, 2 మరో రాశి అనుకుందాం. 2 వేస్తే రెండున్నర. 1/2 వేసినా రెండున్నరే. 3 వేస్తే మూడు పైచిలుకు. మొదటిదే పెద్దదని గీత పెట్టేయబోతాం. 1 వేస్తే సమానం! చెప్పలేం అన్నదే జవాబు. మరీ సులువైన సంఖ్య కదా అని 1ని వదిలేసినవారు ఇక్కడే మార్కు పోగొట్టుకుంటారు.

ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్) లాంటి పరీక్షల్లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. సంఖ్యలు వేసి ఆప్షన్లు కొట్టేయడం అక్కడ అవసరమే, అందులో తప్పు లేదు. కానీ అక్కడ 0, 1, 2 నమ్మదగినవి కావు. 2 + 2, 2 × 2, 2² మూడూ 4 కావడం వల్ల రెండు వేరు వేరు ఆప్షన్లు ఒకేలా కనిపిస్తాయి. 3, 5, 7 లాంటి సంఖ్యలు నయం. తప్పు ఎక్కడ దాగిందో వెతికేటప్పుడు 0, 1 కావాలి. ఆప్షన్లను విడదీసేటప్పుడు వాటికి దూరంగా ఉండాలి. రెండు పనులు వేరు, రెండిటికీ సంఖ్యలు వేరు.

ఇక్కడ సమీకరణానికీ అసమీకరణానికీ ఉన్న ఒక లోతైన తేడా చెప్పుకోవాలి. ఏకచలరాశిలో రెండో తరగతి బహుపదుల సర్వసమీకరణం నిజమా కాదా తెలియాలంటే మూడు వేర్వేరు సంఖ్యలు వేసి చూస్తే చాలు. మూడింటికీ సరిపోతే అది ఎప్పటికీ నిజమే, ఎందుకంటే రెండో తరగతి బహుపదికి రెండుకు మించి మూలాలు ఉండవు. అసమీకరణానికి ఈ సౌకర్యం లేదు. (3య − 1)(3య − 2) ≥ 0 అన్నది కూడా రెండో తరగతిదే. ఇది పూర్ణ సంఖ్యలన్నిటికీ నిజం. కోటి కాదు, అనంతంగా పరీక్షించినా నిలుస్తుంది. 1/2 వేస్తే −1/4. పూర్ణ సంఖ్యల మధ్య ఖాళీలో అబద్ధం ఇమిడిపోయింది.

భిన్నాలు వేసినా చాలని సందర్భమూ ఉంది. (య² − 2)² > 0 అన్నది అకరణీయ సంఖ్యలన్నిటికీ నిజం. √2 దగ్గర, −√2 దగ్గర మాత్రం సున్న, అంటే అబద్ధం. అయితే 'కంటే పెద్ద లేదా సమానం' అన్న రకం బహుపది అసమీకరణం వాస్తవ సంఖ్యల్లో ఎక్కడైనా విఫలమైతే, అవిచ్ఛిన్నత వల్ల దాని చుట్టుపక్కల అంతా విఫలమవుతుంది. ఆ చుట్టుపక్కల ఏదో ఒక భిన్నం తప్పక దొరుకుతుంది. గుర్తు కింద ఒక చిన్న గీత ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఏ రకం సంఖ్యలు వెతకాలో మారిపోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

చలరాశులు పెరిగితే పరీక్ష కష్టమవుతుంది. సంఖ్యారేఖ మీద సరిహద్దులు చుక్కలు; తలంలో అవి వక్రరేఖలు, అంతరాళంలో ఉపరితలాలు. అందుకే ఇక్కడ సంఖ్యల రకం కంటే సంఖ్యల పొందిక ముఖ్యం: అన్నీ సమానం, ఒకటి తప్ప అన్నీ సున్న, ఒకటి చాలా పెద్దది, ఒకటి రుణం. య³ + క³ + న³ ≥ 3యకన అన్నది ధన సంఖ్యలకు నిజం. అన్నిటికీ నిజమా? మూడిటికీ −1 వేస్తే రెండు వైపులా −3, సమానం, అనుమానం రాదు. ఒకదానికి −1, మిగతా రెండిటికీ 0 వేస్తే −1 ≥ 0, తేలిపోయింది.

సమానత్వం వచ్చే చోటును వదలకూడదని చెప్పడానికి థియోడర్ మోట్‌జ్కిన్ 1967లో ప్రచురించిన బహుపది కంటే మంచి ఉదాహరణ లేదు: య⁴క² + య²క⁴ + 1 − 3య²క². ఇది ఎన్నడూ రుణం కాదు. మొదటి మూడు పదాల అంకమధ్యమం వాటి గుణమధ్యమం కంటే తక్కువ కాదన్నదే ఇందులో ఉన్న రహస్యం. (0, 0) దగ్గర 1, (1, 2) దగ్గర 9, (1, 1) దగ్గర సరిగ్గా సున్న. ఇప్పుడు 3 స్థానంలో 3.01 పెట్టండి. (0, 0), (1, 2), (2, 2), (1/2, 1/2) ఏవి వేసినా ధనమే. (1, 1) వేస్తే −0.01. అసమీకరణం బిగుతుగా ఉన్నచోటే తెగుతుంది. ఈ బహుపదికి ఇంకో విశేషం ఉంది: ఎక్కడా రుణం కాకపోయినా దీన్ని బహుపదుల వర్గాల మొత్తంగా రాయలేం. అలాంటివి ఉండి తీరాలని హిల్బర్ట్ 1888లోనే నిరూపించాడు, కళ్లకు కనిపించే ఉదాహరణ రావడానికి దాదాపు ఎనభై ఏళ్లు పట్టింది. వర్గాల మొత్తంగా రాయడం అసమీకరణాలకు మనకు తెలిసిన గొప్ప నిరూపణ మార్గం. అది అన్నిటికీ పనిచేయదు.

మరో కథ ఇంతకంటే విచిత్రం. నెస్బిట్ 1903లో ఇచ్చిన అసమీకరణం ఒలింపియాడ్ విద్యార్థులందరికీ తెలుసు: మూడు ధన సంఖ్యల్లో ఒక్కోదాన్ని మిగతా రెండిటి మొత్తంతో భాగించి కూడితే ఒకటిన్నరకు తగ్గదు. 1954లో హెరాల్డ్ షపీరో అమెరికన్ మ్యాథమెటికల్ మంత్లీలో దీన్ని పెద్దది చేసి అడిగాడు. ధన సంఖ్యలను వలయంగా పేర్చండి. ఒక్కోదాన్ని దాని తర్వాతి రెండిటి మొత్తంతో భాగించి అన్నిటినీ కూడండి. ఆ మొత్తం ఎప్పుడూ సంఖ్యల లెక్కలో సగానికి తగ్గకుండా ఉంటుందా? మూడు సంఖ్యలకు నిజం, నాలుగింటికి నిజం, ఐదింటికి, ఆరింటికి నిజం. రెండేళ్లలో లైట్‌హిల్ 20 సంఖ్యలకు అది అబద్ధమని చూపాడు. ఆ తర్వాత చాలామంది చేయి వేస్తే తేలింది ఇది: సరి సంఖ్యల్లో 12 దాకా, బేసి సంఖ్యల్లో 23 దాకా నిజం; 14 నుంచి ప్రతి సరి సంఖ్యకూ, 25 నుంచి ప్రతి బేసి సంఖ్యకూ అబద్ధం. 

14 సంఖ్యల ప్రత్యుదాహరణను పాఠకులు కాగితం మీద తామే సరిచూసుకోవచ్చు: 0, 42, 2, 42, 4, 41, 5, 39, 4, 38, 2, 38, 0, 40. మొదటి పదం 0/(42 + 2), రెండోది 42/(2 + 42), మూడోది 2/(42 + 4). ఇలా పోతూ చివరిది 40/(0 + 42). అన్నీ కూడితే 6.9999948 దాకా వస్తుంది. 7కు తక్కువ, అదీ సుమారు 0.000005 మాత్రమే. సున్నలు ధన సంఖ్యలు కావు కదా అంటే, వాటి బదులు అతి చిన్న ధన సంఖ్యలు పెట్టినా మొత్తం 7కు దిగువనే ఉంటుంది. ఆ సంఖ్యల పొందిక చూడండి: ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, మళ్లీ పెద్దది, చిన్నది. పెద్దవి మెల్లగా తగ్గి చివర్లో కొంచెం లేస్తాయి, చిన్నవి పెరిగి తగ్గుతాయి. కళ్లు మూసుకుని 14 సంఖ్యలు వేసేవారికి ఇది ఎన్ని లక్షలసార్లు ప్రయత్నించినా తగలదు. చివరికి అసలైన కనిష్ఠ హద్దు ఎంతో తేల్చింది వ్లదిమిర్ డ్రిన్‌ఫెల్డ్, 1971లో: సగం అన్న 0.5 స్థానంలో సుమారు 0.4946 పెడితే అన్ని లెక్కలకూ నిజం. ప్రశ్న పుట్టిన ఏడాదే పుట్టిన అబ్బాయి ఆయన. ఆ తర్వాత 1990లో ఫీల్డ్స్ పతకం అందుకున్నాడు.

తేడా ఇంత సన్ననిదైనప్పుడు కంప్యూటర్ దశాంశాలను నమ్మడమూ ప్రమాదమే. మామూలు ప్రోగ్రామింగ్ భాషల్లో 0.1 + 0.2 > 0.3 అని అడిగితే నిజమని జవాబొస్తుంది. పరీక్షించే సంఖ్యలను భిన్నాలుగా ఉంచి, భిన్నాలుగానే కూడటం మంచిది.

చలరాశులు ఎక్కువైనా కొన్ని సంఖ్యలతోనే నిరూపణ ముగిసే అందమైన సందర్భం ఒకటి చెప్పకుండా ఉండలేను. య, క, న మూడూ 0కూ 1కీ మధ్య ఉన్నాయి. య + క + న − యక − కన − నయ ≤ 1 అని చూపాలి. మిగతా రెండిటినీ కదలకుండా ఉంచితే ఇది ఒక్కో చలరాశిలోనూ సరళమైనదే, అంటే దాని రేఖాచిత్రం సరళరేఖ. సరళరేఖ గరిష్ఠ విలువ ఎప్పుడూ కొసల్లోనే. కాబట్టి ప్రతి చలరాశినీ 0కో 1కో నెట్టేయవచ్చు. ఎనిమిది మూలలు మిగులుతాయి. మూడూ సున్నలైతే 0, ఒక్కటి 1 అయితే 1, రెండు 1 అయితే 2 − 1, అంటే 1, మూడూ 1 అయితే 3 − 3, అంటే 0. అన్నీ 1 లోపే. నిరూపణ అయిపోయింది. ఎనిమిది సంఖ్యాత్రయాలు వేసి చూడటమే ఆ నిరూపణ.

సహజ సంఖ్యలకు వస్తే, దూరం వెళ్లి చూడటం ఎంత అవసరమో, ఎంత దూరం వెళ్లినా ఎంత తక్కువో రెండూ కనిపిస్తాయి. న¹⁰ పెద్దదా, 2 యొక్క న-వ ఘాతం పెద్దదా? 2 నుంచి 58 దాకా ప్రతి సంఖ్యకూ న¹⁰ పెద్దది. 59 దగ్గర తిరగబడి, ఇక ఎన్నటికీ వెనక్కి రాదు. 59 అంటే చేతికి అందే దూరం. ఒక హద్దులోపు ప్రధాన సంఖ్యలెన్ని అని అంచనా వేసే లాగరిథమిక్ ఇంటిగ్రల్ విషయంలో అలా కాదు. పట్టికల్లో ఎంత దూరం చూసినా అంచనా అసలు లెక్కకంటే ఎక్కువే ఉంటుంది. ఈ అసమీకరణం అనంతసార్లు తిరగబడుతుందని లిటిల్‌వుడ్ 1914లో నిరూపించాడు. అలా తిరగబడే చోటు 1.398 × 10³¹⁶ దరిదాపుల్లో ఉందని 2000లో బేస్, హడ్సన్ లెక్కగట్టారు. ఆ దూరం ఒక్కో సంఖ్యా వేసుకుంటూ వెళ్లి చేరేది కాదు.

మరి ఏ అసమీకరణమిచ్చినా తేల్చేసే పద్ధతి ఉందా? వాస్తవ సంఖ్యల మీద బహుపది అసమీకరణాలకు ఉంది. ఆల్ఫ్రెడ్ టార్‌స్కీ ఆ పద్ధతిని 1948లో ప్రచురించాడు. 1975లో జార్జ్ కాలిన్స్ దానికి కంప్యూటర్‌తో చేయదగ్గ రూపం ఇచ్చాడు. ఆ రూపం మనం పైన చేసినదానికి పెద్దన్న లాంటిది: బహుపదుల గుర్తులు మారని గదులుగా అంతరాళాన్ని విడగొట్టడం, ఒక్కో గదిలో ఒక్కో నమూనా బిందువు వేసి చూడటం. ఎక్కడ వేయాలో తెలిస్తే సంఖ్యలు వేసి చూడటమే నిరూపణ అన్నమాట ఇక్కడ అక్షరాలా నిజమైంది. చిక్కల్లా గదుల లెక్కలోనే ఉంది. చలరాశులు పెరిగేకొద్దీ అది ఘాతం మీద ఘాతంగా పెరుగుతుంది, నాలుగైదు చలరాశులకే పెద్ద యంత్రాలు కూడా మొరాయిస్తాయి.

వాస్తవ సంఖ్యల బదులు పూర్ణ సంఖ్యలంటే మాత్రం దారి మూసుకుపోతుంది. (య² − 61క² − 1)² > 0 అన్నదాన్ని ధన పూర్ణ సంఖ్యలతో పరీక్షించండి. క స్థానంలో 1, 2, 3 అంటూ లక్షలు, కోట్లు దాటినా నిజమే, మొదటిసారి అబద్ధమయ్యేది క = 226153980, య = 1766319049 దగ్గర. భాస్కరాచార్యుడు 1150 నాటి బీజగణితంలో చక్రవాళ పద్ధతితో ఈ జంటను పట్టుకున్నాడు. యూరప్‌లో ఫెర్మా ఇదే 61ని సవాలుగా విసిరింది 1657లో. వరసగా సంఖ్యలు వేసుకుంటూ పోవడానికీ, నిర్మాణం తెలిసి వెతకడానికీ మధ్య ఉన్న దూరం ఈ ఒక్క ఉదాహరణలోనే కనిపిస్తుంది.

చక్రవాళం ఒక కుటుంబపు సమీకరణాలకు పనిచేసింది. అన్నిటికీ పనిచేసే పద్ధతి ఉండదని 1970లో యూరీ మతియాసెవిచ్ తేల్చాడు. మార్టిన్ డేవిస్, హిల్లరీ పుట్నమ్, జూలియా రాబిన్సన్ అప్పటికే వేసిన దారిలో చివరి అడుగు ఆయనది. ఒక బహుపది వర్గం పూర్ణ సంఖ్యలన్నిటికీ సున్న కంటే పెద్దదేనా అన్న ప్రశ్నకు, ఏ బహుపది ఇచ్చినా జవాబు చెప్పగల పద్ధతి ఉండనే ఉండదు. అసమీకరణం అదే, గుర్తు అదే. వేసే సంఖ్యల రకం వాస్తవాల నుంచి పూర్ణాలకు మారగానే తేల్చగలిగేది తేల్చలేనిదైపోయింది. ఈ రెండిటికీ నడుమ అకరణీయ సంఖ్యలు ఉన్నాయి, మన పిల్లలు బడిలో కూడి తీసివేసే ఆ భిన్నాలే. వాటి మీద ఇదే ప్రశ్నకు అలాంటి పద్ధతి ఉందో లేదో ఇంతవరకూ ఎవరూ నిరూపించలేదు.